బ్యాకప్ మీదే మొదటి దెబ్బ

మిర్యాలగూడలో మిల్లుల ఆఫీసు సిబ్బంది, వ్యాపారులు, ప్రైవేటు దవాఖానల నిర్వాహకుల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. యాసంగి వడ్లు మిల్లులకు దిగుతున్న రోజులివి. కాంటా దగ్గర లారీలు వరుసకట్టి ఉండగా అరపూట ఆఫీసు వదిలి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే అసలు మాట ముందే చెప్తాను. ర్యాన్సమ్‌వేర్ అంటే మన ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి పైసలు అడిగే దోపిడీ. ఆ పని చేసేవాడు మీ లెక్కల కంటే ముందు మీ బ్యాకప్‌ను వెతుకుతాడు. మంచి నకలు చేతిలో ఉన్నవాళ్లు రూపాయి కూడా కట్టరని వాడికి బాగా తెలుసు. కాబట్టి మీ కంప్యూటర్‌కు, మీ పాస్‌వర్డ్‌కు అందే నకళ్లు ఎన్ని ఉన్నా ఈ దెబ్బకు ఆగవు. మీరు చెరిపేద్దామన్నా చెరగని నకలు ఒక్కటైనా ఉండాలి.

వాడు లోపలికి వచ్చే దారులు మనం తెరిచిపెట్టినవే. హైదరాబాద్‌లో ఉన్న ఆడిటర్ గారో, సాఫ్ట్‌వేర్ అబ్బాయో అక్కడినుంచే చూసుకుంటారని రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఉంచుతాం. పాస్‌వర్డ్ మిల్లు పేరు, పక్కన 123. ఇట్లాంటి తలుపుల కోసం ఇంటర్నెట్ అంతా రాత్రింబవళ్లు తడిమే ప్రోగ్రాములున్నాయి. మిర్యాలగూడ ఎక్కడుందో వాటికి తెలియాల్సిన పని లేదు. ఇన్‌వాయిస్ అని మెయిల్‌లో వచ్చే ఫైలు ఇంకో దారి. ఉత్తగా దొరికిందని వేసుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీ, మరో దారి. ఇక అప్‌డేట్ చేయని విండోస్ సంగతి. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. రెండు నెలలు గడిచినా ఆ అప్‌డేట్ వేసుకోనివాళ్లు దాదాపు 150 దేశాల్లో దెబ్బతిన్నారు. బ్రిటన్ దవాఖానల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా చిక్కాయి. 2019లో మన రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలనూ ర్యాన్సమ్‌వేర్ తాకింది. పెద్దవాళ్ల జోలికే పోతారు, మనలాంటివాళ్లను ఎవరు పట్టించుకుంటారు అని అనుకోకండి. పెద్ద సంస్థలో రాత్రంతా సర్వర్లను కనిపెట్టుకొని ఉండే మనుషులుంటారు. మన ఆఫీసుల్లో రాత్రి వాచ్‌మన్ తప్ప ఎవరుంటారు?

లోపలికి వచ్చినవాడు వెంటనే తాళం వేయడు. కొన్నిసార్లు రోజులు, వారాలు కూడా చప్పుడు చేయకుండా ఉంటాడు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఏరుకుంటాడు. పక్క కంప్యూటర్లకు పాకుతాడు. విండోస్ తనంతట తాను దాచుకునే పాత ప్రతులను ఒక్క కమాండ్‌తో తుడిచేస్తాడు. నెట్‌వర్క్‌లో నాస్ బాక్స్, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నీ కలిసి వాడుకునే నిల్వ పెట్టె, కనబడితే అందులోకి పోతాడు. ఇవన్నీ సర్దుకున్నాక, ఆదివారం రాత్రో, పండుగ రోజో, ఆఫీసులో ఎవరూ ఉండని పూట చూసి దెబ్బ కొడతాడు.

మన జిల్లాలోనే ఒక మిల్లులో జరిగింది చెప్తాను, పేరు అడగకండి. పొద్దున గుమస్తా వచ్చి లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరిస్తే కంపెనీ పేరే కనబడలేదు. డేటా ఫోల్డర్‌లోకి పోయి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఎన్నడూ చూడని అక్షరాలు అతికి ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, అందులో ఇంగ్లీషులో బెదిరింపు, కింద ఒక మెయిల్ అడ్రసు. అయినా ఆయన గాబరా పడలేదు. రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు బ్యాకప్ తీసే మనిషి, ఒక్కరోజు తప్పినవాడు కాదు. సీపీయూ పైన నల్ల హార్డ్ డిస్కు, దాని నీలం లైటు ఎప్పట్లాగే వెలుగుతోంది. తెరిచి చూస్తే అందులోని బ్యాకప్ ఫైళ్లన్నిటికీ అవే అక్షరాలు. ఆ డిస్కును కొన్ననాటినుంచి ఆ పోర్టులోంచి తీసిందే లేదు. కంప్యూటర్‌కు అది ఇంకో డ్రైవ్, అంతే. డీ డ్రైవ్‌కు తాళం వేసినవాడు దాన్ని మాత్రం ఎందుకు వదిలిపెడతాడు?

ఆ తర్వాత వాళ్లు పడ్డ తిప్పలు చూడాలి. అమ్మకాల వివరాలు జీఎస్టీ పోర్టల్ నుంచి దింపుకున్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకున్నారు. సర్కారుకు ఆడించి ఇవ్వాల్సిన బియ్యం లెక్క సివిల్ సప్లయిస్ దగ్గర దొరికింది. కాంటా చీటీలు, ట్రక్ షీట్లు సంచుల్లోంచి తీసి ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించారు. కానీ హమాలీల బాకీలు, రైతులకు ఇచ్చిన అడ్వాన్సులు, తరుగు మీద తెగని పేచీలు ఏ పోర్టల్‌లో ఉంటాయి? వాటి దగ్గర మాటే లెక్కయింది. ఎవరి మాట నమ్మాలి? ఏళ్లనాటి నమ్మకాలు అక్కడ తెగిపోయాయి. నాకు ఎక్కువ బాధనిపించింది ఇదే. ఆ గుమస్తా తప్పు చేయలేదు. చెప్పిన పని రోజూ చేశాడు. చేయాల్సిన తీరు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో భ్రమ కూడా తీసేయాలి. ‘మా ఫైళ్లన్నీ గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతాయి సార్’ అంటారు. సింక్ అంటే ఇక్కడ మారింది అక్కడా మారడం. ఇక్కడ ఫైలుకు తాళం పడితే తాళం పడ్డ ఫైలే పైకి పోతుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు ఉంచే సేవలున్నాయి, అది మేలే. కానీ అదే అకౌంటు మీ బ్రౌజర్‌లో తెరిచే ఉంటుంది కదా? సర్వర్‌లో రెండు డిస్కులు పెట్టి, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడేలా రెయిడ్ చేశామంటారు మరికొందరు. డిస్కు కాలిపోతే రెయిడ్ కాపాడుతుంది. ర్యాన్సమ్‌వేర్ వస్తే రెండు డిస్కులకూ ఒకేసారి తాళం పడుతుంది.

మరి పొరలు పొరలుగా కట్టుకోవడం ఎట్లా? పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి అందరికీ ఆధారం. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఊళ్లోనో వేరే భవనంలోనో. ఇప్పుడు దానికి ఇంకో ఒకటి, ఒక సున్నా చేర్చి 3-2-1-1-0 అంటున్నారు. ఒక ప్రతి పూర్తిగా తెగి ఉండాలి, లేదా మార్చడానికి వీల్లేకుండా ఉండాలి. తీసి చూసినప్పుడు తప్పులు సున్నా ఉండాలి. నా దృష్టిలో ఈ చివరి ఒకటి, సున్నా మిగతా మూడింటికంటే ముఖ్యం. మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో తిండిగింజలు గుమ్మిలో పోసుకున్నా, విత్తనపు గింజలను బూడిద, యాపాకు కలిపి వేరే కుండలో దాచేవాళ్లు. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ మూత తీసేవాళ్లు కాదు. ఆ చివరి ప్రతిని అట్లా చూసుకోవాలి.

దగ్గరి పొర ఆఫీసులోని నాస్ బాక్స్. రోజువారీ అవసరాలకు ఇదే వేగం. పొరపాటున ఫైలు చెరిపితే ఐదు నిమిషాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. కాకపోతే దాన్ని జెడ్ డ్రైవ్ అని కంప్యూటర్లకు తగిలించి ఉంచవద్దు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఆఫీసులో ఇంకెక్కడా వాడనిదై ఉండాలి, ఏ బ్రౌజర్‌లోనూ దాచనిదై ఉండాలి. వీలైతే కంప్యూటర్ నాస్‌లోకి రాసే పద్ధతి మాని, నాసే కంప్యూటర్ నుంచి లాక్కునేలా పెట్టండి. ఫైళ్లు ఏ పూట ఎట్లా ఉన్నాయో అట్లాగే గుర్తుపెట్టుకునే స్నాప్‌షాట్లు ఆన్ చేయండి. ఈ పొర కూడా పోవచ్చనే అనుకొని ముందుకు పోదాం.

తర్వాతిది తెగి ఉండే పొర. రెండు హార్డ్ డిస్కులు కొనండి. పక్కలకు ‘అ’, ‘ఆ’ అని పెద్దగా రాసి అంటించండి. ఈ వారం ‘అ’, వచ్చే వారం ‘ఆ’. బ్యాకప్ తీసేంతసేపే తగిలించి ఉండాలి, అయిపోగానే ఎజెక్ట్ చేసి తీసేయాలి. రెండూ ఒకేసారి ఆఫీసులో ఉండకూడదు. ఒకటి సేట్ గారి ఇంటి బీరువాలో ఉండాలి. టాలీ అయితే అందరూ కంపెనీని మూసిన తర్వాతే బ్యాకప్ తీయండి. తెరిచి ఉండగా ఫోల్డర్ కాపీ చేస్తే సగం రాసిన ఫైలు వచ్చే ప్రమాదం ఉంది. కాంటా సాఫ్ట్‌వేర్‌నూ, దవాఖాన బిల్లింగ్‌నూ మరవకండి. వాటి డేటాబేస్ ఎక్కడుందో చాలా ఆఫీసుల్లో ఎవరికీ తెలియదు. అమ్మినవాళ్లను పిలిచి అడిగి, ఆ ఫోల్డర్ పేరు కాయితం మీద రాయించుకోండి.

ఈ తెగి ఉండడం ఎంత విలువైనదో మేర్స్క్ అనుభవం చెప్తుంది. ప్రపంచంలోనే అతిపెద్ద ఓడ రవాణా సంస్థల్లో అదొకటి. 2017 జూన్ 27న ర్యాన్సమ్‌వేర్ వేషంలో వచ్చిన నాట్‌పెట్యా అనే వైరస్ దాన్ని కూల్చేసింది. ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులోని దాని టెర్మినల్ కూడా ఆగింది. నాట్‌పెట్యాలో పైసలు కట్టినా ఫైళ్లు తెరిచే దారే లేదు. సంస్థలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అనుమతి ఉందో నమోదై ఉండే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతటా ఒకదాని నకలు ఒకటి పెట్టుకుని ఉన్నాయి. అన్నీ ఒకదానికొకటి అందుతాయి కాబట్టి అన్నీ కలిసే పోయాయి. ఒక్కటే మిగిలింది, ఆఫ్రికాలోని ఘానాలో. దాడి జరిగిన సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ మెషిన్ నెట్‌వర్క్ నుంచి తెగి ఉంది. ఆ డేటాను ఇంటర్నెట్ మీద పంపబోతే లైను చాలలేదు. ఘానా సిబ్బందిలో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఒకరు డిస్కును నైజీరియా దాకా తెచ్చి ఇంకొకరి చేతికిస్తే అప్పుడు ఇంగ్లండ్ చేరింది. అంత పెద్ద సంస్థను కరెంటు కోత కాపాడింది. మనం ఆ కోత కోసం చూడకుండా మన చేత్తో మనమే వైరు తీసిపెట్టుకోవాలి.

మూడోది దూరపు పొర, క్లౌడ్. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ అమెజాన్ క్లౌడ్ అకౌంటులోకి ఒకడు చొరబడ్డాడు. డేటా, బ్యాకప్‌లు అన్నీ అదే అకౌంటులో ఉన్నాయి. చాలా భాగం చెరిపేశాడు. కంపెనీ మూతపడింది. దీనికి మందు ఆబ్జెక్ట్ లాక్, అంటే పెట్టిన గడువు దాకా ఫైలును చెరపనివ్వని ఏర్పాటు. అమెజాన్ ఎస్3లోనూ, అట్లాంటి మరికొన్ని నిల్వల్లోనూ ఉంటుంది. కంప్లయన్స్ మోడ్‌లో 30 రోజులు అని పెడితే ఆ 30 రోజులు అకౌంటు యజమాని కూడా ఆ ఫైలును మార్చలేడు, చెరపలేడు. గవర్నెన్స్ మోడ్ అని ఇంకోటుంది, అందులో ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు తీసేయగలరు కాబట్టి తేడా అడిగి తెలుసుకోండి. తెలియక పదేళ్లు అని పెడితే పదేళ్లూ కిరాయి కట్టాల్సి వస్తుంది, జాగ్రత్త. పైకి పంపేముందు ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే మన పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా మార్చడం, మరవద్దు. ఇప్పటి ముఠాలు తాళం వేయడంతోపాటు డేటా ఎత్తుకుపోయి, బయటపెడతామని బెదిరిస్తున్నాయి. రోగుల రిపోర్టులున్న దవాఖానలకు ఇది ఇంకా పెద్ద ముప్పు. ఆ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ కాయితం మీద రాసి బ్యాంకు లాకర్‌లో పెట్టండి. అదే కంప్యూటర్‌లో దాస్తే దానితోపాటే పోతుంది.

ఎన్నాళ్ల ప్రతులు ఉంచాలి? వాడు వారాల ముందే లోపల ఉండొచ్చు కాబట్టి నిన్నటి ప్రతి ఒక్కటే సరిపోదు. రోజువారీవి రెండు వారాలు, వారానివి మూడు నెలలు, నెలవి ఏడాది ఉంచితే మన స్థాయికి చాలు. మార్చి 31 నాటి ప్రతిని వేరుగా తీసి ఏళ్ల తరబడి దాచండి. కంపెనీల చట్టం కింద లెక్కలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ కింద వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు.

ఇప్పుడు అందరూ వదిలేసే పని. తీసిన బ్యాకప్‌ను ఎన్నడైనా తెరిచి చూశారా? మూడు నెలలకోసారి, ఆఫీసు నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఖాళీ ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ చేయండి. ఒక పార్టీ లెడ్జర్ తీసి ముగింపు నిల్వ పైసాతో సహా సరిపోయిందో చూడండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఒక టీబీ డేటాను 100 ఎంబీపీఎస్ లైను మీద క్లౌడ్ నుంచి దింపాలంటే లైను పూర్తి వేగంతో నడిచినా 22 గంటలు దాటుతుంది. అదే హార్డ్ డిస్కు నుంచి సెకనుకు 100 ఎంబీ చొప్పున మూడు గంటల లోపే. ఎక్స్‌రే, స్కానింగ్ బొమ్మలున్న దవాఖానలు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఓపీ చీటీ, మందుల వివరాలు ముందు, పాత బొమ్మలు తర్వాత అని వరుస కూడా రాసుకోవాలి.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు చిక్కాయి. దాదాపు 1.3 టీబీ డేటాకు తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఓపీ, అడ్మిషన్లు కాయితం మీద నడిచాయి. దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలి ఉండబట్టి, రోగుల నమోదు నడిచే ఈ-హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ డేటా వెనక్కి వచ్చింది. అయినా చాలా సేవలు తేరుకోవడానికి రెండు వారాలు పట్టింది. నకలు ఉన్న చోటే ఇంత ఆలస్యమైంది. అందుకే మీ ఆఫీసులో రెండు మూడు రోజులకు సరిపడా బిల్లు పుస్తకాలు, రిజిస్టర్లు ఎప్పుడూ ఉంచండి.

దెబ్బ తగిలిన పొద్దున ఆగం కాకండి. ల్యాన్ వైరు పీకండి, వైఫై రూటర్ ఆపండి. తగిలించి ఉన్న డిస్కు ఏదైనా ఉంటే తీసేయండి. ‘మంచిగుందో లేదో చూద్దాం’ అని బీరువాలోని డిస్కు తెచ్చి ఆ కంప్యూటర్‌కు తగిలించారంటే ఉన్నది కూడా పోతుంది, ఈ ఒక్కటి మాత్రం చేయకండి. స్క్రీన్ మీది నోటును ఫోన్‌తో ఫొటో తీయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలపాలి. వాడు వచ్చిన దారి మూసి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే శుభ్రమైన మెషిన్ నుంచి మార్చి, విండోస్ కొత్తగా వేసుకున్న తర్వాతే రిస్టోర్ మొదలుపెట్టండి. పాడైన డిస్కును పారేయకండి. యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. ఈరోజు లేనిది రేపు రావచ్చు.

పైసలు కట్టేస్తే పోదా అని ప్రతి సభలో ఎవరో ఒకరు అడుగుతారు. 2021లో అమెరికాలో పైపులైన్లలో ఇంధనం పంపే కలోనియల్ పైప్‌లైన్ సంస్థ ర్యాన్సమ్‌వేర్ ముఠాకు 44 లక్షల డాలర్లు కట్టింది. వాళ్లిచ్చిన తాళంచెవి ఎంత నెమ్మదిగా పనిచేసిందంటే, ఆ సంస్థ తన సొంత బ్యాకప్‌ల నుంచే పని కొనసాగించింది.

ఇక్కడ బల్ల మీద ‘అ’, ‘ఆ’ డిస్కులు రెండు, నెట్ లేని ఖాళీ ల్యాప్‌టాప్ ఒకటి పెట్టాను. ఒక నమూనా కంపెనీని మీ ముందే రిస్టోర్ చేస్తాను. టాలీ చూసే అన్నలు, అక్కలు ముందు వరుసలోకి రండి. ఎవరైనా ఒకరు గడియారం చూసి టైము రాయండి.