జింబాబ్వే చిమురెంగా పాటలు: థామస్ మప్ఫుమో పాత సింగిల్స్ రివ్యూ

నమస్తే అండి. వీడియో మొదలుపెట్టే ముందు ఒక్క మాట, హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఈ పాటల్లో సగం పోతుంది. ఆ పోయే సగం గురించే ఇవాళ నేను ఎక్కువ మాట్లాడతాను.

ఆల్బమ్ పేరు ‘చిమురెంగా సింగిల్స్ 1976–1980’. గాయకుడు థామస్ మప్ఫుమో. దేశం జింబాబ్వే, కానీ ఈ పాటలు రికార్డ్ చేసినప్పుడు దాని పేరు రొడీషియా. ఇయాన్ స్మిత్ ప్రధానమంత్రి, తెల్లవాళ్ళ ప్రభుత్వం, అడవుల్లో గెరిల్లా యుద్ధం. అప్పట్లో చిన్న రికార్డులుగా ఒక్కొక్కటే విడుదలైన పాటల్ని తర్వాత ఒకచోట చేర్చారు.

ముందు గిటార్ సంగతి చెప్తాను. పాట వేస్తే ఛానల్‌కి స్ట్రైక్ పడుతుంది, అందుకని నోటితోనే సర్దుకోవాలి. మామూలుగా గిటార్ తీగ మీటితే మోత కాసేపు నిలుస్తుంది కదా, ఇక్కడ నిలవదు. కుడి అరచేతి అంచుని తీగల మీద ఆనించి మీటుతారు. టిక్-టక-టిక్-టక అని, నీటి చుక్కలు రేకు మీద పడ్డట్టు వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు రికార్డింగ్‌లోనే ఏదో తేడా ఉందనుకున్నాను. కాదు, కావాలనే అలా వాయించారు. గిటార్‌తో ఎంబిరా వాయిస్తున్నారు వాళ్ళు.

ఎంబిరా షోనా జాతి వాళ్ళ వాద్యం. చెక్క పలక మీద ఇరవై పైచిలుకు ఇనుప రేకులు వరసగా బిగిస్తారు. రెండు బొటనవేళ్ళతో, కుడి చూపుడువేలితో మీటుతారు. మోత పెరగడానికి దాన్ని పెద్ద ఎండు సొరకాయ బుర్రలో పెడతారు. దానికి గవ్వలో, సీసా మూతలో తగిలిస్తారు, ప్రతి స్వరం వెనక జుయ్‌మని ఒక రొద ఉండాలి. ఆ రొద లేకపోతే వాళ్ళకి అది చప్పగా ఉంటుందట. పక్కన హోషో అనే గిలక్కాయలు తాళం పడతాయి. ‘బిరా’ అని రాత్రంతా జరిగే తంతు ఉంటుంది, పూర్వీకుల ఆత్మల్ని పిలవడానికి. అక్కడ వాయించేది ఈ ఎంబిరానే. మిషనరీలకి అది నచ్చలేదు, అన్యమతం వ్యవహారం అన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. అలాంటి తంతులో వినిపించే బాణీ ఒక్కసారిగా ఎలక్ట్రిక్ గిటార్ మీద, బీర్ హాల్లో, డ్రమ్స్‌తో వినిపిస్తే ఆ జనానికి ఎలా ఉండాలి! మాట ఒక్కటీ పాడక ముందే ఏదో చెప్పేసినట్టు కాదా? నా మట్టుకు ఈ ఆల్బమ్‌లో అసలు నిరసన అక్కడే ఉంది. మాటల్ని నిషేధించొచ్చు. బాణీ మీద ఏ కేసు పెడతారు?

ఇది ఒక్క మప్ఫుమో బుర్రలోంచే వచ్చిందని చెప్తే అన్యాయం. ఆయన 1945లో పుట్టారు, చిన్నప్పుడు పల్లెలో పెరిగారు, కుర్రతనంలో అందరిలాగే ఇంగ్లీషు రాక్ పాటలు పాడారు. 70ల మొదట్లో ఒక రాగి గని ఊళ్ళో ‘హల్లెలూయా చికెన్ రన్ బ్యాండ్’లో చేరారు. పేరు వింటే నవ్వొస్తుంది కానీ ఆ బ్యాండ్‌లోనే గిటారిస్ట్ జాషువా దూబే ఎంబిరా బాణీల్ని గిటార్ మీదకి తెచ్చారు. తర్వాత జోనా సిథోలే ఆ పద్ధతిని ఇంకా పదును పెట్టారు. ఈ గిటారిస్టులు లేకపోతే ఈ వీడియో లేదు.

ఇక చిమురెంగా అన్న మాట. షోనా వాళ్ళ పాత వీరుడు మురెంగా పేరు మీద వచ్చిందంటారు, పోరాటం అని అర్థం. 1896–97లో తెల్లవాళ్ళ మీద జరిగిన తిరుగుబాటుని మొదటి చిమురెంగా అంటారు. ఆత్మ పూనే నెహాండా అనే ఆమెను ఆ తిరుగుబాటు తర్వాత ఉరితీశారు. అంటే మప్ఫుమో తన పాటలకి ఊరికే ఆ పేరు పెట్టుకోలేదు.

మాటల విషయానికొస్తే, ఆయన నినాదాలు ఇచ్చే రకం కాదు. చాలా పాటలు ఊళ్ళో పెద్దమనిషి గోడు వెళ్ళబోసుకున్నట్టు ఉంటాయి. ‘పమురోమో చేతె’ అంటే ఉత్త నోటి మాటలు అని. వెయ్యేళ్ళైనా నల్లవాళ్ళ పాలన రాదని స్మిత్ 1976లో చెప్పాడు, అలాంటి బడాయికి ఈ జవాబు చాలదూ? ‘హొకొయో’ అని ఇంకో పాట, మన భాషలో అయితే కాస్కో అన్నట్టు. రేడియోలో ఆపేశారు. కేసు కూడా పెట్టకుండా ఆయన్ని మూడు నెలల పాటు నిర్బంధించారు. బయటికొచ్చే వేళకి స్మిత్‌తో రాజీపడిన నల్లజాతి నేత బిషప్ ముజొరేవా పార్టీ సభలో పాడాల్సి వచ్చింది, ఆ మచ్చ కొన్నాళ్ళు వెంటాడింది కూడా. అభిమానులు ఈ ముక్క దాటేస్తారు. నాకు మాత్రం ఇది తెలిశాక ఆ గొంతులో అలసట ఇంకా బాగా అర్థమైంది.

నచ్చనివీ ఉన్నాయి. రికార్డింగ్ ముతకగా ఉంటుంది, కొన్ని పాటల్లో డ్రమ్స్ డబ్బా కొట్టినట్టున్నాయి. ఏకబిగిన అన్నీ వింటే నాలుగో పాటకల్లా అన్నీ ఒకటే అనిపించొచ్చు. పల్లవి, చరణం, మధ్యలో మలుపు కోసం చూస్తే దొరకదు, చక్రంలా తిరుగుతూనే ఉంటుంది.

1980 ఏప్రిల్‌లో స్వాతంత్ర్యం వచ్చింది. మప్ఫుమో కొత్త ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ పాడారు. అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఇంత మాట్లాడేవాణ్ణి కాదేమో. 1988లో మంత్రులు ఫ్యాక్టరీ నుంచి కార్లు చవగ్గా తీసుకుని బయట ఎక్కువ ధరకి అమ్ముకున్నారని బయటపడింది. 1989లో ఆయన ‘కరప్షన్’ అని పాట చేశారు. పేరు కూడా దాచలేదు చూడండి! ఆల్బమ్‌గా అయితే అది నాకు కాస్త నున్నగా అనిపించింది, కానీ అప్పటికి అసలు ఎంబిరాలే బ్యాండ్‌లోకి వచ్చేశాయి, ఆ రొద కోసమైనా వినాలి. తర్వాత అధ్యక్షుడు ముగాబే ప్రభుత్వంతో పొసగలేదు, 2000 ప్రాంతంలో కుటుంబంతో అమెరికాలోని ఒరెగాన్ వెళ్ళిపోయారు. ముగాబే దిగిపోయాక 2018లో రాజధాని హరారే వచ్చి మళ్ళీ పాడారు.

కొత్తగా వినేవాళ్ళు ‘పమురోమో చేతె’తో మొదలుపెట్టండి. తాళం వేసి చూడండి, తిస్ర నడకలా మూడు మూడుగా వేసినా కుదురుతుంది, రెండు రెండుగా వేసినా కుదురుతుంది. ఏది అసలుదో తేల్చుకోలేక నేను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా టేబుల్ మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చున్నాను. రెండోసారి వినేటప్పుడు గొంతు వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకోండి, అప్పుడు గిటార్ ఎక్కడ మొదలవుతోందో ఇంకో రకంగా వినిపిస్తుంది. ఉంటానండి.