బత్తాయి అంటు, బర్రె క్లోన్: గిన్నెలకొచ్చేది ఏది?

హోస్ట్: అందరికీ నమస్తే. ఇయ్యాల ముచ్చట క్లోన్ మాంసం. నల్లగొండ, పాలమూరు దిక్కు ఈ మాట ఎత్తంగనే "బాయిలర్ కోడి లెక్కనా?" అంటరు. డాక్టర్ సాబ్, ఆడికెల్లే మొదలువెడదాం.

డాక్టర్: బాయిలర్‌కూ దీనికీ సంబంధం లేదు తమ్మీ. జన్యువులు మార్చుడు కూడా కాదు, ఒక జంతువుకు అచ్చం నకలు పుట్టించుడు. నల్లగొండోళ్లకు బత్తాయి తోట చూపిస్తే సాలు. జంబేరి అనే నిమ్మజాతి మొక్క మీద సాత్‌గుడి బత్తాయి కన్ను, అంటే మొగ్గ, కడతం. తోటల మున్నూరు చెట్లుంటే ఆ పై భాగాలన్నీ తల్లిచెట్టుకు నకళ్లే. కొల్లాపూర్ దిక్కు మామిడి అంట్లూ గంతే. అంటే క్లోన్ పండు మనం ఎప్పటిసంది తింటనే ఉన్నం.

హోస్ట్: పండు మీద లేని అనుమానం మాంసం మీద ఎందుకు మరి?

డాక్టర్: కన్ను పట్టకపోతే పుల్ల ఎండుతది, అంతే. బర్రెల పట్టకపోతే దూడ చస్తది, ఒక్కోసారి తల్లికీ గండమే. పని ఎట్ల నడుస్తదో చెప్త. చెవి అంచున చిన్న చర్మం ముక్క తీసి ల్యాబుల కణాలు పెంచుతరు. కబేళా నుంచి తెచ్చిన అండాశయాలల్ల గుడ్లు తీసి, ఒక రోజు పక్వానికి పెడతరు. గుడ్డు పైపొర కరిగించి, కేంద్రకం ఉన్న దిక్కు సన్న బ్లేడుతో కోసేస్తరు. మిగిలిన దానికి చెవి కణం అతికించి కరెంటు తాకిస్తరు, రెండూ కలుస్తయి. వారం రోజులకు పిండం తయారైతది, దాన్ని ఇంకో బర్రె గర్భసంచిల పెడతరు. ఆడికెల్లి దగ్గర దగ్గర 310 రోజులు. హర్యానాల కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థోళ్లు చేసింది ఇదే చేతి పద్ధతి.

హోస్ట్: తప్పేది యాడ?

డాక్టర్: ఎక్కువగా మాయల, అంటే కడుపుల దూడకు తిండి అందించేదాంట్ల. చెవి కణం "నేను చర్మాన్ని" అనే గుర్తును పూర్తిగా మరువదు. పిండంగ మారినా కొన్ని జన్యువులు తప్పు టైములో తెరుసుకుంటయి, మూసుకుంటయి. దాంతోటి మాయ సక్కగ కట్టదు, సంచిల నీరు చేరుతది, దూడ మరీ పెద్దగైతది, ఈత కష్టమైతది. పుట్టినంక ఊపిరితిత్తులు ఆగం చేస్తయి. 1996ల స్కాట్లాండ్‌ల డాలీ గొర్రె 277 గుడ్ల ప్రయత్నంల ఒక్కటి. కర్నాల్‌ల 2009 ఫిబ్రవరిల పుట్టిన మొదటి దూడ కొన్ని రోజులే బతికింది, గరిమ అనే రెండో క్లోన్ దూడ అదే ఏడు జూన్‌ల పుట్టింది. 2010ల పుట్టిన గరిమ-2 మాత్రం పెరిగి 2013ల మహిమ అనే దూడను ఈనింది.

హోస్ట్: పుట్టి పెరిగిన దాని మాంసం తినొచ్చా?

డాక్టర్: తిండి, మందుల మీద నిఘా పెట్టే అమెరికా సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ 2008 జనవరిల తినొచ్చనే చెప్పింది. ఆవు, పంది, మేక క్లోన్ల మాంసం, పాలు మామూలువాటి లెక్కనే అన్నది. గొర్రె క్లోన్ మీద సమాచారం సాలదని దాన్ని పక్కకు పెట్టింది. మన దిక్కు గిన్నెలల్ల ఎక్కువుండేది గొర్రెనే, సూడు! పిల్లల సంగతికొస్తే మాత్రం క్లోన్లకు పుట్టిన పిల్లలు ఏ జాతివైనా సరే అన్నది.

హోస్ట్: జనం ఒప్పుకున్నరా?

డాక్టర్: అదే ఏడు యూరప్‌ల 27 దేశాలల్ల సర్వే చేసిండ్రు. తిండి కోసం క్లోనింగ్ ఎన్నడూ సరికాదన్నోళ్లు 58 శాతం. అమ్మితే లేబుల్ ఉండాల్నన్నోళ్లు 83 శాతం. 2015ల యూరప్ పార్లమెంటు పశువుల క్లోనింగ్ నిషేధించాలని ఓటేసింది. అమెరికా లేబుల్ అక్కర్లేదన్నది. సైన్స్ ఒక్కటే, తీర్పులు రెండు. నా లెక్కల జనం భయం తప్పు కాదు, కాని అది పడాల్సిన జంతువు మీద కాక వేరేదాని మీద పడ్డది.

హోస్ట్: అంటే?

డాక్టర్: అమెరికాల ఒక ఆవు క్లోన్‌కు 15 వేల డాలర్ల పైనే పడుతది. అంత పెట్టి పుట్టించిన దాన్ని ఎవరు కోసి అమ్ముతరు? మన లెక్కల పొట్టేలు 30 కిలోల బరువుంటే కూర 14, 15 కిలోలెళ్తది, గంత కూర అమ్మితే క్లోన్ ఖర్చు యాడ ఎళ్తది? క్లోన్ జంతువు విత్తనానికే పనికొస్తది. హర్యానా హిసార్‌ల 2015 డిసెంబర్‌ల పుట్టిన హిసార్-గౌరవ్ అసొంటి క్లోన్ ముర్రా దున్న వీర్యం గడ్డకట్టించి, పావు మిల్లీలీటర్ స్ట్రాలల్ల నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిల దాస్తరు. అసొంటి స్ట్రాతోని పుట్టిన ఆడ దూడ పాలకు ఉంటది. మగ దూడలు చివరికి పెద్దకూరకే పోతయి. గిన్నెలకొచ్చే దారి ఉంటే అదొక్కటే.

హోస్ట్: దుకాణంల పట్టుకోవచ్చా?

డాక్టర్: రంగు, రుచి, కొవ్వు సూసి ఎవ్వరూ పట్టలేరు. డీఎన్‌ఏ పరీక్షకు కూడా మూల జంతువు నమూనా పక్కన ఉండాలె, లేకుంటే క్లోన్ అని తేలదు. ఇగ క్లోన్ పిల్ల అంటే మామూలు దూడనే. కాగితమే దిక్కు. స్ట్రా మీద ఆంబోతు నంబరు ఉంటది, బర్రె చెవికి 12 అంకెల ట్యాగ్ ఉంటది, ఈ రెండూ రాసుకుంటే తండ్రి తెలుస్తడు. కాని చర్మం తీసేటప్పుడు చెవి తలతోని పోతది. ట్యాగ్ నంబరు ఆడ్నే రాసి కూర మీదికి ఎక్కించకపోతే గొలుసు తెగినట్టే. లేబుల్ కావాల్నంటే పెట్టాల్సింది ఆడ, ప్యాకెట్ మీద కాదు.

హోస్ట్: మన దగ్గర సర్వే చెయ్యాల్నంటే ఎట్ల అడగాలె?

డాక్టర్: ఆదివారం పొద్దుగాల లైన్ల నిలవడ్డోన్ని అడగొద్దు, అప్పుడు వాని కన్ను తక్కెడ మీదుంటది. కూర తీసుకొని వచ్చేటప్పుడు అడుగు. మగోళ్లనే అడిగి ఊకోవద్దు, కొనేది వాళ్లైనా వండేదీ వద్దనేదీ ఇంట్ల ఆడోళ్లు. "కృత్రిమంగ పుట్టించిన" అన్నవా, జవాబు నువ్వే చెప్పినట్టు, అందరూ వద్దంటరు. బత్తాయి అంటు చెప్పి అడుగు. క్లోన్ మాంసం, క్లోన్ పిల్ల మాంసం, క్లోన్ పాలు, మూడూ వేర్వేరు ప్రశ్నలు. కలిపితే ఎవరు దేనికి వద్దన్నరో తెల్వదు. ధర కూడా రెండు తీర్ల అడుగు: ఇదే రేటుకు, కిలోకు వంద తక్కువకు.

హోస్ట్: జాతర సంగతి? దురాజ్‌పల్లి పెద్దగట్టుకు యాటను తోలుకపోయేటోళ్లు?

డాక్టర్: ఆ ప్రశ్న విడిగనే పెట్టు. ఇంట్ల తినేదానికి సరే అన్నోడు దేవునికి ఇయ్యడానికి వద్దనొచ్చు. హలాల్ సంగతి కూడా గట్లనే. "ఎందుకు" అన్న జాగ ఖాళీగ ఉంచు, వాళ్ల మాటలల్లనే రాసుకో.

హోస్ట్: మొదటి ప్రశ్న ఏందుండాలె?

డాక్టర్: తోక గురించి అడుగు. మేకనో గొర్రెనో తెలిసేటట్టు దుకాణపోళ్లు తోక ఉంచుతరు కదా, అది సూస్తున్నరా అని. తోక సూసేటోడు తర్వాత ప్రశ్నలకు ఆలోచించి చెప్తడు. సూడనోడు "ఏదైనా మటనే కదా" అంటడు, వాని కాగితాలు వేరే కట్ట కట్టు.