అగోతా క్రిష్టోఫ్: వలస వచ్చిన ముప్పై ఏళ్లకు తొలి నవల

సభకు నమస్కారం.

హంగేరీలో పుట్టి, ఫ్రెంచ్‌లో నవలలు రాసిన అగోతా క్రిష్టోఫ్ పేరెత్తగానే చాలామంది ఒక మాట అనేస్తారు: ఆవిడకి ఫ్రెంచ్ అంతంతమాత్రం, అందుకే వాక్యాలు అంత పొట్టివి అని. అందులో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఆవిడ ఏ వరసలో ఏం రాశారో చూడాలి.

పుట్టింది 1935లో, హంగేరీలో. 1956 తిరుగుబాటును సోవియట్ సేనలు అణిచేశాక, భర్తతోనూ నాలుగు నెలల పాపతోనూ రాత్రిపూట సరిహద్దు దాటారు. రెండు సంచులు పట్టుకెళ్లారు: ఒకదాంట్లో పాప పాలసీసాలు, బట్టలు, రెండోదాంట్లో నిఘంటువులు. ఆస్ట్రియా మీదుగా స్విట్జర్లాండ్‌లోని న్యుషాతెల్ చేరి, గడియారాల ఫ్యాక్టరీలో ఐదేళ్లు పనిచేశారు. పద్యాలకు ఆ ఫ్యాక్టరీ బాగానే పనికొచ్చింది. చేతిపనికి బుర్ర అక్కర్లేదు, యంత్రం మోతకు లయ ఉంది, సొరుగులో కాగితం, పెన్సిలు ఉన్నాయి. తట్టింది అక్కడే గీకేసి, రాత్రి ఇంట్లో సాపు రాసుకునేవారు. అవన్నీ హంగేరియన్‌లోనే. అవి మరీ భావుకంగా ఉన్నాయని తర్వాత ఆవిడకే నచ్చలేదు. అంటే మాటల పొదుపు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు.

ఐదేళ్లకు ఫ్రెంచ్ మాట్లాడటం వచ్చింది, చదవడం రాలేదు. తోటి కార్మికుల నోట విని నేర్చుకున్న భాష మరి! నాలుగేళ్లకే పుస్తకాలు చదివిన మనిషి మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టి, విశ్వవిద్యాలయంలో విదేశీయుల కోసం పెట్టిన వేసవి తరగతుల్లో చేరారు.

ఫ్రెంచ్‌లో ఆవిడ ముందుగా పట్టుకున్నది నాటకం. ఇది గమనించాల్సిన ఎంపిక. ఫ్రెంచ్ కథల్లో వాడే ఒక భూతకాల రూపం మామూలు సంభాషణలో వినిపించదు; చెవితో భాష నేర్చినవాళ్లు సరిగ్గా అక్కడే తడబడతారు. నాటకంలో ఆ బెడద లేదు. పాత్ర పేరు, పక్కన మాట, అంతే. 1970లలో ఆ నాటకాల్ని ఔత్సాహికులు ఆడారు, తర్వాత రేడియోకెక్కాయి.

నవల పుట్టింది సోదరుడితో గడిపిన చిన్నతనం గురించి రాసుకున్న చిన్న చిన్న తునకల్లోంచి. ఆ తొలి నవల ‘పెద్ద నోట్‌బుక్’లో, యుద్ధకాలంలో అమ్మమ్మ ఇంట్లో పెరిగే కవల పిల్లలు ‘మేము’ అంటూ వర్తమాన కాలంలో కథ చెబుతారు. వాళ్లు వ్యాసం రాయడానికి పెట్టుకున్న పద్ధతి చూడండి: ఒక అంశం, రెండు గంటలు, రెండు కాగితాలు. బాగాలేకపోతే పొయ్యిలోకి, బాగుంటే పెద్ద పుస్తకంలోకి. అమ్మమ్మ మంత్రగత్తెలా ఉంటుందని రాయకూడదు; ఊళ్లోవాళ్లు ఆమెను మంత్రగత్తె అంటారని రాయొచ్చు. అక్రోట్లంటే ఇష్టమని రాయకూడదు, అక్రోట్లు చాలా తింటామని రాయాలి. ఇష్టం ఎంతో ఎలా కొలుస్తాం? తిన్నది కంటికి కనిపిస్తుంది. యుద్ధంలోని ఘోరాలన్నీ ఈ నియమం మీదే నడుస్తాయి; జాలిపడే పని చదివేవాడికే వదిలేశారు. పరాయి భాషలో ముందు పట్టు తప్పేవి విశేషణాలు. వాటిని పిల్లల నియమం పేరుతో ఆవిడ బయటికి నెట్టేశారు. నా లెక్కలో గడుసుతనమంటే ఇదీ.

రాతప్రతిని ప్యారిస్‌లోని మూడు పెద్ద ప్రచురణ సంస్థలకు పంపితే రెండు వద్దన్నాయి, మూడోది, స్యోయ్, తీసుకుంది. 1986లో పుస్తకం వచ్చింది, అప్పటికి ఆవిడకి యాభై. 1988లో దానికి కొనసాగింపుగా ‘రుజువు’. కవలలు విడిపోయారు కాబట్టి అందులో ‘మేము’ లేదు, కథ ప్రథమ పురుషలోకి మారింది. 1991 నాటి ‘మూడో అబద్ధం’లో ‘నేను’ వచ్చి, ముందు రెండు పుస్తకాలూ చెప్పినదాన్ని అనుమానంలో పడేస్తుంది. మూడింటినీ వరస తప్పి చదివితే ఈ దెబ్బ తగలదు, కాబట్టి దయచేసి అచ్చయిన క్రమంలోనే చదవండి.

1995లో ‘నిన్న’ వచ్చాక నవలలు ఆగిపోయాయి. 2004లో ‘నిరక్షరాస్యురాలు’ అనే చిన్న ఆత్మకథ, పదకొండు అధ్యాయాలు. తప్పుల్లేకుండా ఫ్రెంచ్ మాట్లాడలేననీ, నిఘంటువు చూడకుండా రాయలేననీ అందులో చెప్పారు. 2011లో హంగేరీ కోషుత్ పురస్కారం ఇచ్చింది; అదే ఏడాది జూలైలో న్యుషాతెల్‌లో కన్నుమూశారు.