కొనేవాడు ఒక్కడే అయితే

శ్రోతలందరికీ నమస్కారం అండి. ఈ రోజు అమెరికాలో పందులు పెంచుకునే చిన్న రైతుల గురించి మాట్లాడతాను. పందులంటే మనలో చాలామంది మొహం తిప్పుకుంటారు, కానీ అయోవా, మిస్సోరి, మిన్నెసోటా లాంటి మొక్కజొన్న పండే రాష్ట్రాల్లో పొలం మీద బ్యాంకు అప్పు తీర్చేది పందే అని చెప్పుకునేవాళ్లు, మన దగ్గర పాలబిల్లుతో పిల్లల ఫీజులు కట్టినట్టు.

1998 డిసెంబర్‌లో ఆ రైతుల కొంప మునిగింది. బతికున్న పంది ధర పౌనుకి 8 సెంట్ల దగ్గరికి పడిపోయింది. ఒక పౌను పెంచడానికి అయ్యే ఖర్చేమో 35, 40 సెంట్లు. డబ్బు విలువ తగ్గడాన్ని లెక్కలోకి తీసుకుంటే 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో కూడా అంత తక్కువ చూడలేదన్నారు. మరి సూపర్ మార్కెట్‌లో మాంసం రేటు ఆ లెక్కన తగ్గిందా అంటే లేదండి, కొనుక్కుని తినేవాళ్లకి పెద్దగా తేడానే తెలియలేదు. ఆ మధ్యలో మిగిలిన డబ్బంతా ఎవరి చేతికి పోయిందో రైతుకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఎందుకలా అయిందంటే పందులు ఎక్కువయ్యాయి, అది నిజమే, కానీ దానికి ముందే కొన్ని కబేళాలు మూతపడ్డాయి, మిగిలినవాటిని నడిపేది గుప్పెడు కంపెనీలు, వాళ్లకి సొంత ఫారాలు, కాంట్రాక్టు ఫారాలు ఉన్నాయి, ముందు వాటి సరుకు దించుకుని ఇంకా జాగా ఉంటేనే బయటి రైతు లారీని లోపలికి రానిచ్చేవాళ్లు. పంది బరువు పెరిగిపోతుంటే రైతు ఎన్నాళ్లు ఆగగలడు చెప్పండి, మేత రోజూ పెట్టాలి కదా, వాళ్లు చెప్పిన రేటుకే ఇచ్చేసి రావాలి. 1980లో ఆ దేశంలో 6 లక్షలకు పైగా పందుల ఫారాలు ఉండేవి, 2000 నాటికి అవి లక్ష లోపుకి వచ్చేశాయి. పందులు తగ్గలేదండీ, రైతులు తగ్గారు.

మన పశువుల సంత గుర్తు చేసుకోండి. దళారి తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తాడు, మోసాలు అక్కడా ఉంటాయి, కాదనను, కానీ ఈయన రేటు నచ్చకపోతే ఎద్దుని పట్టుకుని పక్క చెట్టు కిందికి పోతే ఇంకో కొనేవాడు ఉంటాడు. ఆ రెండోవాడు లేకపోతే రైతు చేతిలో ఇంకేమీ ఉండదు. నా మాట మొత్తం ఇదే.

ఇప్పుడు ఆ రైతులు ఏం చేశారో చెప్తాను, నాకు బాగా మనసుకి పట్టింది ఇదే. ప్రతి రైతు పంది అమ్మిన ప్రతిసారీ 100 డాలర్లకి 45 సెంట్లు తప్పనిసరిగా కోసుకునేవాళ్లు, దాన్ని చెకాఫ్ అంటారు. 1985లో వచ్చిన చట్టం అది, పంది మాంసం గురించి ప్రచారం చేయడానికట. చిన్న రైతులు ఏమన్నారంటే, మేము కట్టే డబ్బుతో నడిచే సంఘం పెద్ద ఫారాల పక్కన నిలబడుతోంది, మమ్మల్ని మింగేవాళ్లకి మా చేత్తోనే చందా ఇస్తున్నాం, ఇది ఆపాలి, ఓటు పెట్టండి అని. ఓటు పెట్టాలంటే పందుల రైతుల్లో 15 శాతం మంది సంతకాలు కావాలి. మిస్సోరి రూరల్ క్రైసిస్ సెంటర్, అయోవా సీసీఐ (సిటిజన్స్ ఫర్ కమ్యూనిటీ ఇంప్రూవ్‌మెంట్), మిన్నెసోటాలో ల్యాండ్ స్టీవార్డ్‌షిప్ ప్రాజెక్ట్ లాంటి సంఘాలు కలిసి పెట్టుకున్న కూటమి 19 వేలకు పైగా సంతకాలు సేకరించింది. ధర పడిపోయి, ఇల్లు నడవక, అప్పులవాళ్లు వాకిట్లో ఉన్న టైములో సంతకాలు పోగుచేయడమంటే మామూలు విషయం కాదండి.

2000లో ఓటింగ్ జరిగింది. వెయ్యి పందులున్నా పదివేలున్నా ఒక రైతుకి ఒకటే ఓటు. 2001 జనవరిలో ఫలితం చెప్పారు: ఆపేయాలి అన్నవాళ్లు 15,951, ఉండాలి అన్నవాళ్లు 14,396. గెలిచారు! వ్యవసాయ మంత్రి గ్లిక్‌మన్ ఇక ఆ వసూలు ఆపేస్తామన్నారు. ఈలోపు ప్రభుత్వం మారింది, కొత్త మంత్రి వెనెమన్ హయాంలో ఫిబ్రవరికల్లా చెకాఫ్ డబ్బుతో నడిచే ఆ సంఘంతో కోర్టులో రాజీ చేసుకుని వసూలు అలాగే కొనసాగించారు. ఓట్లు వేసి గెలిచినవాళ్ల పరిస్థితి ఇదీ. వాళ్లు కోర్టుకి పోయి అక్కడ కూడా కొంతదూరం గెలుచుకుంటూ వచ్చారు, కానీ 2005లో సుప్రీంకోర్టు గొడ్డుమాంసం చెకాఫ్ కేసులో ఆ ప్రచారం ప్రభుత్వం మాట కిందికే వస్తుందని, దానికి రైతుల చేత డబ్బు కట్టించొచ్చని చెప్పేసరికి ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఆవులు, దూడల రైతులదీ ఇదే బాధ. అక్కడ నాలుగు కంపెనీలే, టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్, కొవ్వు పట్టించిన పశువుల్లో సుమారు 85 శాతం కొంటాయి. ముందుగానే ఒప్పందాలతో పశువుల్ని గుప్పిట్లో పెట్టుకుని బయట మార్కెట్ రేటు దించుతున్నారని రైతులు టైసన్ మీద అలబామాలో కేసు వేస్తే 2004లో జ్యూరీ 128 కోట్ల డాలర్లు నష్టం జరిగిందని తేల్చింది. జడ్జి కొద్ది వారాల్లోనే ఆ తీర్పు పక్కన పెట్టేశాడు, పై కోర్టు కూడా ఆయన్నే సమర్థించింది. చట్టం లేక కాదండి, 1921 నుంచే ప్యాకర్స్ అండ్ స్టాక్‌యార్డ్స్ చట్టం ఉంది, అప్పట్లో ఐదు మాంసం కంపెనీలు మార్కెట్ పట్టుకున్నాయని తెచ్చిన చట్టమది. వందేళ్ల తర్వాత అవి నాలుగయ్యాయి.

మన ఆంధ్రా, తెలంగాణల్లో దీనికి దగ్గరగా ఉన్నది బ్రాయిలర్ కోళ్లు. కంపెనీ కోడిపిల్లలు, మేత, మందులు ఇస్తుంది, షెడ్డు, కరెంటు, నీళ్లు, కూలీ, బ్యాంకు లోను మాత్రం రైతువి, బ్యాచ్ దిగాక కిలోకి ఇంత గ్రోయింగ్ చార్జీ అని చేతిలో పెడతారు. అమెరికా కోళ్ల రైతుల పరిస్థితి ఇంకా దారుణం, ఇరుగుపొరుగు రైతుల్ని ఒకరితో ఒకరికి పోటీ పెట్టి, తక్కువ మేతతో కోళ్లకి బరువు బాగా తెచ్చినవాడికి ఎక్కువ, వెనకబడినవాడికి తక్కువ ఇస్తారు, పిల్లల నాణ్యత మాత్రం కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఎన్నో ఏళ్లు రైతులు అరిచి గీపెట్టాక 2023లో అక్కడ ఒక రూల్ వచ్చింది, కాంట్రాక్టు చేసుకునే ముందే ఆ కంపెనీ దగ్గర పెంచుతున్న మిగతా రైతులకి ఎంత ముడుతోందో కాగితం మీద చూపించాలి, పోటీలో ఇచ్చిన పిల్లలు ఎలాంటివో కూడా చెప్పాలి.

షెడ్డు కట్టాలనుకుంటున్న మన రైతు సోదరులు కూడా సంతకం పెట్టకముందు ఇదే కాగితం అడగండి, ఒక్కరు కాదు, ఊళ్లో షెడ్లున్న వాళ్లంతా కలిసి వెళ్లి అడగండి: చుట్టుపక్కల గత ఆరు బ్యాచ్‌లకి ఎవరికెంత వచ్చింది, చచ్చిన కోళ్ల లెక్క ఎవరి మీద రాస్తారు, బ్యాచ్‌కి బ్యాచ్‌కి మధ్య ఎన్ని రోజులు షెడ్డు ఖాళీగా పెడతారు అని. సెలవు, నమస్కారం.