ఫ్లెక్సీ మీద ర్యాంకు, గదికి తాళం

(ఒక న్యాయ కళాశాల వార్షికోత్సవంలో పూర్వ విద్యార్థి, సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, కరెస్పాండెంట్ గారికి, బార్ అసోసియేషన్ పెద్దలకు, లెక్చరర్లకు, పిల్లలకు నమస్కారం. వేదిక మీద ఇంకా పేర్లు చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. అందరివీ చెబితే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఎవరైనా అలిగితే రేపు కోర్టు క్యాంటీన్లో టీ ఇప్పిస్తాను. శాలువా ముందే కప్పేశారు కాబట్టి, ఇక నేనేం మాట్లాడినా వెనక్కి తీసుకోలేరన్న ధైర్యం కూడా ఉంది.

నాకిచ్చిన అంశం ‘న్యాయవిద్యలో ర్యాంకుల పాత్ర’. ఇదే ఎందుకిచ్చారా అనుకుంటూ వచ్చాను. గేటు దగ్గర ఫ్లెక్సీ చూశాక అర్థమైంది. ఏదో పత్రిక సర్వేలో మన కాలేజీకి దక్షిణ భారతంలో ర్యాంకు వచ్చిందట. ఆ అంకె మనిషి ఎత్తున ఉంది. పక్కనే కరెస్పాండెంట్ గారి ఫోటో. ఆ పత్రికవాళ్లు ఎప్పుడొచ్చి చూశారండీ అని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. “ఎవరూ రాలేదు సార్, ఫారం పంపారు, నింపి పంపించాం” అన్నారు. ఆయన నిజాయితీపరుడు, నేనిలా మైకులో చెప్పేస్తానని అనుకుని ఉండరు.

గేటు నుంచి ఈ హాలు దాకా నడిచొచ్చేటప్పుడు ఇంకొకటి కూడా చూశాను. అది చివర్లో చెబుతాను.

పత్రిక సంగతి పక్కన పెడదాం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులున్నాయి. 2016లో మొదలయ్యాయి, లా కాలేజీలకు విడిగా 2018 నుంచి ఇస్తున్నారు. అప్పటి నుంచీ మొదటి స్థానం బెంగళూరు నేషనల్ లా స్కూల్‌దే. మన హైదరాబాద్ నల్సార్ చాలా ఏళ్లుగా మూడో నాలుగో స్థానంలో ఉంటోంది. సంతోషమే. దేశంలో లా కాలేజీలు వెయ్యికి పైగా ఉన్నాయి, జాబితాలో కనిపించేవి ముప్పై, నలభై. మిగతావాటి గురించి ఆ జాబితా మంచీ చెప్పదు, చెడూ చెప్పదు.

మార్కులు ఎలా వేస్తారో పిల్లలు తెలుసుకోవాలి. వందలో ముప్పై బోధనకి, వనరులకి. ముప్పై పరిశోధనకి. ఇరవై చదువు పూర్తయ్యాక ఏమయ్యారన్నదానికి. పది అన్ని వర్గాలవాళ్లనీ చేర్చుకున్నారా అన్నదానికి. చివరి పదీ, ఆ కాలేజీ గురించి బయట ఏమనుకుంటున్నారు అన్నదానికి. లెక్కల్లో ఎక్కువ భాగం కాలేజీ తనంతట తానే పంపేవి. పరిశోధనేమో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ జాబితాల్లో లెక్కపెడతారు. మన లెక్చరర్ ఒకాయన కౌలు రైతుల హక్కుల మీద తెలుగులో చిన్న పుస్తకం రాసి ఊరూరా పంచారనుకోండి. దానికెన్ని మార్కులు? సున్నా.

చదువయ్యాక ఏమయ్యారు అన్నచోట మధ్యస్థ జీతం, అంటే అందర్నీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడిమివాడి జీతం, చూస్తారు. కార్పొరేట్ కంపెనీకి వెళ్లినవాడికి జీతం ఉంటుంది, రాస్తారు. మా దగ్గరికి జూనియర్‌గా వచ్చినవాడికి జీతమన్నదే ఉండదు కదా! ఇక్కడ కూర్చున్న సీనియర్లం ఎంతమందిమి జూనియర్లకు నెలనెలా ఠంచనుగా డబ్బులిస్తున్నాం? చేతులెత్తండి. నేనూ ఎత్తలేదు, చూశారుగా. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది: జూనియర్లకు పట్టణాల్లో నెలకు ఇరవై వేలు, గ్రామీణ ప్రాంతాల్లో పదిహేను వేలు ఇస్తే బాగుంటుందని. ‘ఇస్తే బాగుంటుంది’ దగ్గరే ఆగింది. కాబట్టి ఏ కాలేజీ పిల్లలు ఎక్కువమంది మా జిల్లా కోర్టుల మెట్లెక్కితే ఆ కాలేజీకి చెప్పుకోవడానికి అంత తక్కువ జీతాలుంటాయి.

ఈ గొడవ మన ఒక్కరిదే అనుకోకండి. మా అన్నయ్య మనవరాలు అమెరికాలో పుట్టి పెరిగింది. లా స్కూలుకి అప్లై చేస్తూ నాకు ఫోన్ చేసింది. “చిన్నతాతయ్యా, పద్నాలుగో ర్యాంకు స్కూలుకి వెళ్లనా, ముప్పయ్యో ర్యాంకు వాళ్లు ఫీజు మాఫీ చేస్తామంటున్నారు, అక్కడికి వెళ్లనా?” అని. ఆ పిల్ల టెన్షన్ చూసి నేనూ కాస్త చదివాను. అక్కడ యూఎస్ న్యూస్ అనే పత్రిక ర్యాంకులే వేదం. 1990 నుంచి 2022 దాకా ఏటా మొదటి స్థానం యేల్ లా స్కూల్‌దే. అలాంటి యేల్, 2022 నవంబరులో, మా లెక్కలు ఇక మీకు పంపం పొమ్మంది. అదే రోజు హార్వర్డ్ కూడా అంది. తర్వాత డజన్లకొద్దీ స్కూళ్లు వాళ్ల వెనకే నడిచాయి. వాళ్ల అభ్యంతరమేమిటంటే, పేదల తరఫున తక్కువ జీతానికి పనిచేసే లాయర్లను తయారుచేసే స్కూలుకి ఈ లెక్కల వల్ల నష్టం జరుగుతోందని. ఇందాక నేను చెప్పిన జూనియర్ గోలే, డాలర్లలో.

అంతకుముందు ఆ పత్రిక నూటికి నలభై పాళ్లు పేరు ప్రతిష్ఠలకే ఇచ్చేది. అంటే డీన్లనీ, ప్రొఫెసర్లనీ, లాయర్లనీ, జడ్జీలనీ ఫలానా స్కూలు ఎలాంటిదంటారు అని అడగడం. గొడవయ్యాక దాన్ని ఇరవై ఐదుకి తగ్గించి, లాయరు లైసెన్సు కోసం రాసే బార్ పరీక్ష ఫలితాలకీ ఉద్యోగాలకీ బరువు పెంచారు. తర్వాతి ఏడాది, ఎలాగూ బయట ఉన్న లెక్కలు తీసుకుని అందరికీ ర్యాంకులిచ్చేశారు. నన్ను లెక్కలోంచి తీసేయండి మొర్రో అన్న యేల్‌కి స్టాన్‌ఫర్డ్‌తో కలిపి మళ్లీ మొదటి స్థానమే ఇచ్చారు! పెళ్లికి రానన్నవాడి ఇంటికే క్యారేజీ పంపినట్టు.

ర్యాంకు కోసం తప్పుడు లెక్కలు రాసినవాళ్లూ ఉన్నారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ లా కాలేజీ కొన్నేళ్లపాటు తన విద్యార్థుల ప్రవేశ మార్కుల్ని పెంచి చూపింది. 2011లో బయటపడింది, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా పడింది. మన దగ్గర అలా జరగదని నేను అనను, జరిగిందని కూడా అనను. లాయర్ని, సాక్ష్యం లేకుండా మాట్లాడను.

ఇంతకీ ఆ పిల్ల ముప్పయ్యో ర్యాంకు స్కూల్లోనే చేరింది. అప్పు లేదు, హాయిగా ఉంది.

ఎక్కడికో వెళ్లిపోయాను. ర్యాంకులన్నీ బూటకమని నా వాదన కాదు. మా తరంలో లా చదువంటే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. పగలు ఉద్యోగం, రాత్రి గైడ్లు. బెంగళూరులో నేషనల్ లా స్కూల్ మొదలుపెట్టిన మాధవ మీనన్ గారు ఐదేళ్ల కోర్సు పెట్టి కేసులు చదివించి, మూట్ కోర్టులు, అంటే ఉత్తుత్తి కోర్టులు ఆడించి చూపించాకే దేశమంతా కళ్లు నలుపుకుని లేచింది. ఇంట్లో ఒక్క లాయరు కూడా లేని పల్లెటూరి పిల్లకి ఎక్కడ చేరాలో ఎవరు చెబుతారు? జాబితా చూసుకుంటుంది, తప్పేముంది? అయితే ఆ పెద్ద స్కూళ్లకు దారి క్లాట్ అనే ప్రవేశ పరీక్ష. అది ఇంగ్లీషులోనే. తెలుగు మీడియం పిల్ల అక్కడే ఆగిపోతుంది. కొందరు ఇంకో వాదన చేస్తారు, మన నాగార్జున యూనివర్సిటీలో లా చదివిన ఎన్వీ రమణ గారు 2021లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కాలేదా, ర్యాంకులెందుకు అని. ఆ వాదన నాకు నచ్చదు. ఒక మనిషి ఎదిగితే అది ఆ మనిషి గొప్ప. కాలేజీ గొప్ప తెలియాలంటే మామూలు పిల్లని చూడాలి.

ఆ మామూలు పిల్ల గురించి చెప్పడానికే వచ్చాను, నిజానికి.

కొన్నేళ్ల కిందట బాపట్ల వైపు పల్లె నుంచి ఒకామె నా ఆఫీసుకి వచ్చింది. భర్త పోయాడు. ఎకరం చిల్లర పొలం. పక్క పొలం ఆసామి ఆమెను పొలంలోకి రానివ్వద్దంటూ ఇంజంక్షన్ దావా వేశాడు. రేషన్ కార్డు పెట్టుకునే పాలిథిన్ కవర్లోంచి మామగారి పేరున ఉన్న 1961 నాటి క్రయ దస్తావేజు తీసింది. మడతల దగ్గర చిరిగింది, ఒక మూల పురుగు తినేసింది. పొలం వివరాలు రాసి ఉండే షెడ్యూలు చూశాను. సర్వే నెంబరు వేరు. ఆమె సాగు చేస్తున్న పొలం నెంబరు ఇంకోటి. రెండు నిమిషాల్లో చెప్పేశాను: “అమ్మా, కాగితం నీ వైపు లేదు, రాజీ చేసుకో.” అప్పటికి నాకు ముప్పై ఏళ్ల ప్రాక్టీసు.

ఈ కాలేజీలో ఫైనలియర్ చదువుతూ మా ఆఫీసుకి వచ్చే అమ్మాయి ఒకతె అక్కడే ఉంది. “ఒకసారి నేను చదవనా సార్?” అంది. కాగితం తీసుకుని కింద కూర్చుంది. “పెద్దమ్మా, మీరు పొలం మధ్యలో ఉన్నట్టు తూర్పుకి తిరిగి కూర్చోండి” అంది. హద్దులు ఒక్కొక్కటే పైకి చదువుతుంటే ఆమె చెయ్యి చాపి చూపిస్తోంది. తూర్పున డొంక. ఇప్పటికీ ఉందమ్మా, ఎడ్లబండి పోద్ది. దక్షిణాన పంట బోదె. ఉంది, అందులోంచే నీళ్లు పెడతాం. పడమర ఫలానావారి మెట్ట. ఆళ్ల మనవళ్లు చేస్తున్నారు. ఉత్తరాన ఎవరిదో పేరు పురుగు తినేసింది. మూడు చాలు. సర్వే నెంబరుకీ హద్దులకీ తేడా వస్తే హద్దులకే బలమన్నది మా వృత్తిలో పాత సూత్రం. నాకు తెలియక కాదు, నేను చదవలేదు, అంతే.

ఆస్తి ఎక్కడుందో గుర్తించడానికి, కోర్టు తరఫున వెళ్లి చూసొచ్చే కమిషనర్ని వేయమని పిటిషన్ వేశాం. మండల సర్వేయరు వచ్చి కొలిచాడు. డొంక డొంక దగ్గరే ఉంది, బోదె బోదె దగ్గరే ఉంది. దావా కొట్టేశారు. తీర్పు రోజున ఆమె నాకు దణ్ణం పెట్టింది. సిగ్గేసింది. పక్కనున్న పిల్లని చూపించాను.

ఇది ఎక్కడ నేర్చుకున్నావు అని ఆ అమ్మాయిని అడిగితే, ఇక్కడ పార్ట్‌టైమ్‌గా పాఠం చెప్పే ఒక మాస్టారి పేరు చెప్పింది. ఆయన పాత దస్తావేజుల జిరాక్సులు క్లాసుకి తెచ్చి, ఒక్కొక్కరి చేతా పైకి చదివించేవారట. పీహెచ్‌డీ లేదు, స్కోపస్‌లో పేపర్లు లేవు. తర్వాత ర్యాంకు పెరగాలంటే డాక్టరేట్లు ఉన్నవాళ్లే కావాలని ఆయన్ని రావద్దన్నారు. ఎవరన్నారో ఇక్కడున్నవాళ్లకు తెలుసు.

ఆ అమ్మాయి పట్నంలో ఒక పెద్ద లా ఫర్మ్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టింది. నా కంప్యూటర్ ముందే కూర్చుని నింపింది. కాలేజీ పేరు దగ్గర నొక్కితే జాబితా దిగుతుంది కదా, కిందికీ పైకీ వెతికింది, మన కాలేజీ లేదు. చివర్లో ‘ఇతరములు’ అని ఉంది. దాన్ని నొక్కింది. జవాబు రాలేదు. ఇప్పుడు మా కోర్టులోనే ప్రాక్టీసు చేస్తోంది, పోయిన నెల నా మీదే ఒక కేసు గెలిచింది.

పిల్లలూ, మీరు బాగా చప్పట్లు కొడుతున్నారు. మీకూ ఒక ప్రశ్న. క్లాసుకి రాకుండా హాజరు వేయించుకుని హాల్‌టికెట్ తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది? నవ్వుతున్నారంటే ఉన్నారన్నమాట. అమెరికాలో ప్రతి లా స్కూలూ తన పిల్లలు బార్ పరీక్షలో ఎంతమంది పాసయ్యారో, చదువు పూర్తయిన పది నెలల తర్వాత ఏం చేస్తున్నారో బయటపెట్టాలి. మనమూ పెడదాం. గేటు దగ్గర ఆ ఫ్లెక్సీ పక్కనే చిన్న బోర్డు చాలు: ఈ ఏడాది ఎంతమంది లాయర్లుగా ఎన్‌రోల్ అయ్యారు, ఆలిండియా బార్ పరీక్ష ఎంతమంది గట్టెక్కారు, క్లాసులు నిజంగా ఎన్ని జరిగాయి. కరెస్పాండెంట్ గారు వాచీ చూసుకుంటున్నారు. రెండే నిమిషాలు.

ఇందాక చివర్లో చెబుతానన్నది ఇదే. మెట్ల కింద ‘లీగల్ ఎయిడ్ క్లినిక్’ అని బోర్డున్న గది ఉంది, పేదలకు ఉచితంగా న్యాయ సలహా ఇవ్వాల్సిన గది. తాళానికి తుప్పు పట్టింది. కిటికీలోంచి చూస్తే విరిగిన బెంచీలు, పోయినేటి ఫ్లెక్సీల చుట్టలు. ఆ గదిని మీరు నింపి పంపిన ఫారంలో రాసే ఉంటారు.

నా దగ్గర మూడు ట్రంకు పెట్టెల నిండా పాత దస్తావేజుల కాపీలున్నాయి. వచ్చే శనివారం తొమ్మిదింటికి తీసుకొస్తాను. ఆ మాస్టారు కూడా వస్తానన్నారు, డబ్బులేమీ వద్దన్నారు. చదవాలనుకున్నవాళ్లు అటెండరు దగ్గర పేర్లివ్వండి. కుర్చీలు లేకపోయినా పర్లేదు, కింద కూర్చుంటాం. కరెస్పాండెంట్ గారూ, ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఈ సభ అయ్యేలోపు కనుక్కోండి. నమస్కారం.