మంచుపలక మీద జాలర్లు

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఉక్కపోతలో వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారం. టైము తక్కువన్నారు కాబట్టి పేరుపేరునా చెప్పడం లేదు, ఏమనుకోకండి.

నన్ను జపాన్, రష్యా నౌకాదళాల మధ్య జరిగిన త్సుషిమా యుద్ధం గురించి మాట్లాడమన్నారు. 1905 మే 27 తెల్లవారుజామున షినానో మారు అనే జపాన్ ఓడ రష్యా నౌకల్ని చూసి వైర్‌లెస్‌లో కబురంపింది, జపాన్ అడ్మిరల్ టోగో బయల్దేరాడు. అది పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ రోజు ఓడిపోయిన రష్యా నౌకాదళంలోనే ఐదేళ్ళ ముందు జరిగిన సంగతి చెప్తాను.

రష్యాలోని క్రోన్‌స్టాట్‌లో నౌకాదళ అధికారులకు పాఠాలు చెప్పే పంతులు అలెగ్జాండర్ పోపోవ్. 1895లో ఆయన చూపించిన, రేడియో తరంగాల్ని పట్టే యంత్రంలో ప్రాణమంతా చిన్న గాజు గొట్టం, అందులో లోహపు రజను. తరంగం తగిలితే రజను అతుక్కుని కరెంటు పారుతుంది, గంట మోగుతుంది. మళ్ళీ విడిపోవాలంటే గొట్టాన్ని తట్టాలి. గంట కొట్టిన సుత్తే వెనక్కొచ్చి గొట్టాన్ని తట్టేలా అమర్చాడాయన. ఎంత తెలివో చూడండి! 1899లో ఆయన సహాయకులు రిబ్కిన్, ట్రోయిట్‌స్కీ టెలిఫోన్ రిసీవర్ చెవికి పెట్టుకుని వింటే సంకేతాలు నేరుగా వినిపించాయి. నేను ఓడల్లో రేడియో గదిలో కూర్చుని ఇరవై రెండేళ్ళు చేసింది ఆ చెవి పనే.

ఆ నవంబరులో అప్రాక్సిన్ అనే యుద్ధనౌక ఫిన్లాండ్ సింధుశాఖలో హోగ్లాండ్ దీవి దగ్గర రాళ్ళెక్కింది. సముద్రం గడ్డకట్టింది, కేబుల్ వేసే దారి లేదు. దీవిలో ఒక వైర్‌లెస్ స్తంభం, నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కోట్కా దగ్గర ఇంకోటి నిలబెట్టారు. 1900 ఫిబ్రవరి 6న దీవిలో ఉన్న రిబ్కిన్ చెవిన పడిన కబురులో ఆ ఓడ ఊసే లేదు. లావెన్సారి దీవి దగ్గర మంచుపలక విరిగి యాభై మంది జాలర్లు కొట్టుకుపోతున్నారు, వెంటనే వెళ్ళండి అని ఎర్మాక్ అనే ఐస్‌బ్రేకర్‌కు, అంటే మంచు పగలగొట్టుకుంటూ వెళ్ళే ఓడకు, పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఆజ్ఞ అది. ఎర్మాక్ వెళ్ళి 27 మందిని తెచ్చింది. ఏప్రిల్లో నౌక బయటపడేలోగా ఆ లైనులో 440 టెలిగ్రాములు నడిచాయి. నాకు గుర్తుండేది మాత్రం ఆ ఒక్కటే.

ఎందుకో చెప్తాను. మాది చేపల వేట మీద బతికిన ఇల్లు. 1996 నవంబరు 6 తుపానుకు మా అన్న కాకినాడ నుంచి వేటకెళ్ళిన మరబోటులో ఉన్నాడు. ట్రాన్సిస్టర్ ఉంది, వైర్‌లెస్ లేదు. కొంటా కొంటానని ఓనరు రెండు సీజన్లు దాటేశాడు. తుపానొస్తోందని వినగలరు, మేమిక్కడున్నామని చెప్పలేరు. ఆ రాత్రి నేను గల్ఫ్‌లో ఒక ఓడ రేడియో గదిలో ఉన్నాను. అప్పట్లో ఆ గదుల్లో గోడ గడియారంలో ఎర్ర గీతలుండేవి బాబూ. గంటకు రెండుసార్లు, మూడేసి నిమిషాలు, 500 కిలోహెర్ట్జ్ మీద ఓడలన్నీ సంకేతాలు పంపడం ఆపి ఆపదలో ఉన్నవాళ్ళ పిలుపు కోసం వినాల్సి ఉండేది. నేనూ విన్నాను. మా అన్న బోటులో పిలవడానికి ఏమీ లేదు. బోటు కూడా దొరకలేదు.

త్సుషిమా చెప్పమంటే ఇటొచ్చేశాను, క్షమించండి. మీలో వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళు ఎందరు? చేతులెత్తండి. ఇంతమందా! ఈ రాత్రి ఇంటికెళ్ళాక బోటులో వైర్‌లెస్ సెట్ పనిచేస్తోందా, బ్యాటరీలో ఛార్జ్ ఉందా అని నాన్నని అడగండి. పాడైతే మీ ల్యాబుకు తీసుకురండి, నేనూ వచ్చి కూర్చుంటాను.

ఇదిగో, ఈ గొట్టం నేను చేసిందే. నికెల్ నాణెం ఆకురాయితో గీసి తీసిన రజను. ఇందాక చేతులెత్తినవాళ్ళు ముందు రండి. గంట మోగించి చూపిస్తాను.