31 బస్సులు, శేషం 12

(తెరపై: 1128 ÷ 36)

గణితాన్ని నిజ జీవితంతో ముడిపెట్టాలన్న మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఆచరణలో మాత్రం పాత లెక్కనే తీసుకుని, అందులో విద్యార్థి పేరునూ అతనికి ఇష్టమైన ఆటనూ చొప్పించి, ఆసక్తి దానంతటదే పుట్టుకొస్తుందని ఎదురుచూస్తున్నారు. అది ఎందుకు పుట్టదో చూపడానికి ఒక్క లెక్క చాలు.

1980ల తొలినాళ్లలో అమెరికాలో జరిగిన జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలను ఇలా అడిగారు: ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందిని శిక్షణ స్థలానికి చేర్చాలంటే ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. అయినా 29 శాతం మంది ‘31, శేషం 12’ అని రాశారు. 32 అని రాసినవారు 23 శాతమే. శేషం అంటే బస్సు దొరకక నిలబడిపోయిన పన్నెండు మంది మనుషులన్న ఊహ వారికి రాలేదు. ఇది భాగహారం రాకపోవడం కాదు, కథను వదిలేసి అంకెలను మాత్రమే ఏరుకోవాలని బడిలో మనమే నేర్పిన అలవాటు.

ఇప్పుడు సైనికులను దింపేసి, విద్యార్థి అభిమానించే జట్టును ఎక్కించండి. శేషం 12 అలాగే ఉంటుంది! మారవలసింది ప్రశ్న. ‘ఈ ప్రయాణం ఏర్పాట్లు నీవే, ఏం చేస్తావు?’ అని అడిగితే, ఒకరు 32వ బస్సు తెప్పిస్తారు. మరొకరు మిగిలినవారికి వ్యాన్ చాలంటారు, అప్పుడు 31 కూడా సరైన జవాబే. చివరి బస్సు బోసిగా వెళ్లడం నచ్చని వారు అందరినీ సమంగా సర్దబోతారు. 1128ని 32తో భాగిస్తే 35.25 వస్తుంది, పావు మనిషి ఉండడు కనుక 8 బస్సుల్లో 36 మంది చొప్పున, 24 బస్సుల్లో 35 మంది చొప్పున కూర్చోబెట్టాలి. ఈ సర్దుబాటు కోసం పడే తంటా, నా దృష్టిలో, పేజీడు భాగహారాల కంటే విలువైనది.

మరి అభిరుచులకు విలువ లేదా? ఉంది. గణిత బోధనపై పరిశోధన చేసే కాండస్ వాకింగ్టన్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో బీజగణిత సమస్యలను విద్యార్థుల అభిరుచులకు తగినట్టు మార్చి ఇచ్చినప్పుడు, వారు వాటిని మరింత వేగంగా, మరింత సరిగ్గా సాధించారు. ముఖ్యంగా కథ నుంచి సమీకరణం రాయడంలోనూ, వెనుకబడిన విద్యార్థులలోనూ ఆ మేలు స్పష్టంగా కనిపించింది. తమకు తెలిసిన రంగంలో ఏది పెరిగితే ఏది పెరుగుతుందో వారికి ముందే ఎరుక కావడమే దీనికి కారణమని నేను భావిస్తాను.

సమయం మించిపోతోంది కనుక మిగిలినది క్లుప్తంగా చెబుతాను. పిల్లలు రోజూ ఏ సంఖ్యలతో మెలుగుతారో ముందు వారినే అడగండి. లెక్కలో ఒక వివరాన్ని కావాలనే దాచండి. 36 ఇవ్వకుండా, బస్సులో ఎందరు పడతారో వారినే తేల్చమనండి. ప్రతి పాఠానికీ సందర్భం అతికించనక్కరలేదు, ప్రధాన సంఖ్యలు ఏ బస్సూ లేకుండానే ఆకట్టుకుంటాయి. మార్కుల దగ్గర మాత్రం జాగ్రత్త: 31 అని రాసి వ్యాన్ సంగతి వివరించినవారికి పూర్తి మార్కులు వేయండి, ఉత్త 32 రాసినవారిని ఎందుకని అడగండి.